గోడ మీద అలెగ్జాండర్

గేట్ల షెడ్డు,
జూన్ 14

చెల్లెమ్మా,

సూటిగా అడుగుతున్నాను, సూటిగా జవాబు చెప్పు: ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేసినవాణ్ని "మహా" అని పిలిచే నోటితో నువ్వు ప్రార్థన ఎలా చేస్తావు?

నవ్వకు. నేను నవ్వడం లేదు. మొన్న మీ స్కూలు కిటికీలకి గ్రిల్స్ బిగించడానికి వచ్చినప్పుడు చూశాను. మెట్లెక్కగానే ఎదురు గోడ మీద ఎనిమిది అడుగుల బొమ్మ. గుర్రం, కత్తి, గాలికి ఎగిరే జుట్టు. కింద అరచేతంత అక్షరాలు: "విశ్వవిజేత అలెగ్జాండర్ ది గ్రేట్". పిల్లలు ఆ గోడ పక్కనుంచి వరసగా నడిచి వెళ్తున్నారు. నా చేతిలో డ్రిల్లింగ్ మిషన్ ఉంది. ఆ బొమ్మ నుదుటి మీద ఒక్క కన్నం పెట్టేద్దామన్నంత కోపం వచ్చింది. నీ ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఎవరా విజేత? నేను చెబుతాను విను. నేను ఏడో క్లాసు దాటలేదు. కానీ ముప్ఫై ఏళ్ళుగా రోజూ వెల్డింగ్ మొదలుపెట్టే ముందు గంటసేపు పరిశుద్ధ గ్రంథం చదువుతున్నాను. అందులో ఒక ప్రవక్త నది ఒడ్డున దర్శనం చూశాడు. రెండు కొమ్ముల పొట్టేలొకటి నిలబడి ఉంటే, పడమటి నుంచి మేకపోతు వచ్చింది. కాళ్ళు నేలకి ఆనకుండా వచ్చింది. దాని కళ్ళ మధ్య ఒకే కొమ్ము. పొట్టేల్ని పడదోసి తొక్కింది. బలిసింది. బాగా బలిసినప్పుడే ఆ కొమ్ము విరిగింది. అదీ మీ అలెగ్జాండర్! మీరేమో మేకపోతుని గుర్రమెక్కించి పిల్లలచేత దండం పెట్టిస్తున్నారు.

పిల్లలకి నిజం చెప్పు. చెప్పకపోతే పైన నువ్వే జవాబు చెప్పుకోవాలి.

మీ వదిన అడిగినట్టు రాయమంది. ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్‌లో నేను గొంతు పెంచితే నువ్వు పెట్టేస్తావు. ఉత్తరాన్నైతే పెట్టేయలేవు.

నీ అన్నయ్య

*

స్టాఫ్ రూమ్, మూడో పీరియడ్ ఖాళీలో
జూన్ 30

అన్నయ్యా,

ఉత్తరం అందింది. కవరు మీద నా పేరు పక్కన కూడా మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టావు. పోస్ట్‌మ్యాన్ ఇస్తూ "ఇంట్లో అంతా క్షేమమేనా అమ్మా?" అని అడిగాడు.

ముందు ఒక మాట. నేను అతన్ని "మహా" అనలేదు. గోడ అంది. ఆ గోడ మా స్కూలు యజమానిది. మేం చదివించే సోషల్ గైడ్ కూడా ఆయన రాసిందే. అందులో అలెగ్జాండర్‌కి ఆరు పేజీలు, మిగతా ప్రపంచానికి ఐదు.

నిజం చెప్పమన్నావు కదా. మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది, అందరూ "ఎందుకమ్మ" అంటారు. ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పాలా? పాఠం మొదటి వాక్యం చదివానో లేదో చెయ్యెత్తింది.

"టీచర్, అలెగ్జాండర్ ఎవరివాడు?"

"గ్రీకువాడమ్మా."

"మరి కింది లైన్‌లో మాసిడోనియావాడు అనుందే? రెండూ ఒకటేనా? ఒకటే అయితే రెండు పేర్లెందుకు?"

దొరికిపోయాను. రెండు రోజులు లైబ్రరీలో కూర్చున్నాను. అన్నయ్యా, అతను ఎవరివాడో ఆ రోజుల్లోనే తేలలేదు. అతని ముత్తాతల్లో ఒకడు గ్రీకుల ఆటల పోటీకి వెళితే "నువ్వు మావాడివి కాదు, పో" అన్నారట. వంశం చూపించుకుని లోపలికి వెళ్ళాడట. అతని తండ్రిని ఏథెన్స్ వక్త ఒకాయన అనాగరికుడని తిట్టిపోశాడు. అలెగ్జాండరేమో ఈజిప్టు వెళ్ళి దేవుడి కొడుకుననిపించుకున్నాడు. పర్షియా గెలిచి వాళ్ళ బట్టలు కట్టుకుంటే సొంత సైనికులే గొణిగారు. అక్కడి పూజారులు శాపగ్రస్తుడన్నారు, వేరే చోట్ల కథల్లో పుణ్యపురుషుడైపోయాడు. ఇప్పటికీ "మావాడంటే మావాడు" అని కొట్టుకుంటున్నారు. ఇదంతా క్లాసులో చెప్పాను. బెల్లు కొట్టినా ఒక్కరూ లేవలేదు. పదకొండేళ్ళ ఉద్యోగంలో అలా జరగడం అదే మొదలు.

ఇక నీ మేకపోతు. నీకో కానుక: తల మీద కొమ్ములతో అతని బొమ్మ ఉన్న నాణేలు నిజంగానే ఉన్నాయి. ఎగిరి గంతెయ్యకు. అతను పోయాక అతని సేనానుల్లో ఒకడు వేయించాడు. పైగా అవి పొట్టేలు కొమ్ములు. నీ దర్శనంలో పొట్టేలంటే ఓడిపోయిన పర్షియా కదా? గెలిచిన మేకపోతు తల మీదికి ఓడిన పొట్టేలు కొమ్ములు ఎలా వచ్చాయి, ప్రసంగీకుడు గారూ?

ఇంకోటి. ఇది నీకూ నాకూ మధ్యే. ఆ బొమ్మ ముక్కు గమనించావా? అలెగ్జాండర్ ఎలా ఉంటాడో తెలియక పెయింటర్ అడిగితే, మా యజమాని తన పెళ్ళినాటి ఫోటో ఇచ్చాడు. ఆ ముక్కు ఆయనదే, మధ్యలో వంపుతో సహా. అంటే నేను జీతం తీసుకుని మా యజమాని ముక్కు ప్రపంచాన్ని జయించిందని పాఠం చెబుతున్నానన్నమాట. నవ్వుకుని ఈ కాగితం చించెయ్.

వదినకి నా ముద్దులు.

నీ చెల్లి

*

గేట్ల షెడ్డు,
జూలై 20

చెల్లెమ్మా,

నీ కొమ్ముల ప్రశ్న నన్ను మూడు రోజులు తిననివ్వలేదు. ఆ దర్శనమున్న ఎనిమిదో అధ్యాయం ఎన్నిసార్లు తిరగేశానో! నాలుగో రోజు షట్టర్‌కి గ్రీజు రాస్తుంటే జవాబు తట్టింది. ఓడినవాళ్ళ బట్టలు కట్టుకున్నాడని రాసింది నువ్వే కదా? బట్టలు కట్టుకున్నవాడు కొమ్ములు తగిలించుకోడా? నీ కత్తితోనే నిన్ను కొట్టాను. ఒప్పుకో.

ఇంకా విను. ఈ సంగతి లైబ్రరీలో దొరకదు. రెండు ఇనప బద్దీలు అతికేముందు మేం అక్కడక్కడా టాకా వేస్తాం. చుక్కలాంటి అతుకు. బద్దీ కదలకుండా నిలబడుతుంది, చూసేవాడు గేటు తయారైపోయిందనుకుంటాడు. కానీ టాకా వేసినవాడు తిరిగొచ్చి బారునా వెల్డింగ్ చెయ్యాలి. చెయ్యకపోతే ఒక్క తోపుకి నాలుగు ముక్కలు. అలెగ్జాండర్ దేశాలన్నిటికీ టాకాలు వేసుకుంటూ పోయాడు. తిరిగి రాలేదు. ముప్ఫై రెండేళ్ళకే పోయాడు, సేనానులు ముక్కలు పంచుకున్నారు. ఇలాంటి పని చేసినవాణ్ని నా షెడ్డులో ఒక్కరోజు కూడా ఉంచను. మీరు గోడ మీద ఉంచారు!

పోయిన ఆదివారం మా షెడ్డులో ప్రార్థన కూటంలో ఇదే మాట్లాడాను. మైకు పెట్టాం. నూట ఇరవై మంది వచ్చారు, ప్లాస్టిక్ కుర్చీలు చాలక గేట్ల మీద కూర్చున్నారు. ఇంతలా వినడం, ఇంతలా విరగబడి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కొందరు ఫోన్లలో రికార్డ్ చేసుకున్నారు. వాక్యం ఎంత దూరమైనా పోవాల్సిందే కదా.

మీ వదిన మాత్రం మధ్యలో లేచి వెళ్ళిపోయింది. తలనొప్పంది. అప్పట్నుంచి ముభావంగా ఉంటోంది. కంచం పెడుతుంది, "తినండి" అంటుంది, అంతే. నువ్వైనా అడుగు, ఏమైందో.

నీ అన్నయ్య

*

స్టాఫ్ రూమ్,
ఆగస్టు 25

అన్నయ్యకి,

వదినకి ఏమైందో నాకు తెలిసింది. నీ గొంతు విన్నాను.

మా యజమాని నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమనకుండా, టేబుల్ మీద ఫోన్ పెట్టి వేలితో నొక్కాడు. "మా చెల్లెలు పెద్ద చదువులు చదివింది, ఏం రాసిందో వినండి!" అని నువ్వు. నా ఉత్తరం. నా వాక్యాలు. పోస్ట్‌మ్యాన్ మాట దగ్గర్నుంచి మొత్తం. ముక్కు దగ్గరికి వచ్చాక ఆగావు. జనం నవ్వేదాకా ఆగావు. నవ్వు తగ్గాక, మళ్ళీ చదివావు.

"నీకూ నాకూ మధ్యే" అన్న మాట కూడా చదివావు అన్నయ్యా. దానికి కూడా నవ్వారు.

ఆయన ముక్కు గురించి ఒక్క మాట అనలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, "ఎనిమిదో తరగతి సోషల్ పేపర్లు తెప్పించండి" అన్నాడు. పరీక్షలో ఆయనే ఇచ్చిన ప్రశ్న: "ప్రపంచాన్ని జయించిన గ్రీకు వీరుని గొప్పతనం గురించి రాయుము." పది మార్కులు. ఎందుకమ్మ జవాబు ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అతను ప్రపంచాన్ని జయించలేదు. సైనికులు ఇక రామంటే వెనక్కి వెళ్ళిపోయాడు. గ్రీకువాడో కాదో గ్రీకులకే తేలలేదు. గొప్పతనం గురించి అతను తగలబెట్టిన ఊళ్ళవాళ్ళని అడగాలి. కానీ వాళ్ళు లేరు."

పదికి పది వేశాను. పదమూడేళ్ళ పిల్ల అలా రాస్తే నువ్వైతే ఎన్ని వేస్తావు?

ఆ పది కొట్టేసి సున్నా వెయ్యమన్నాడు. పాఠం తప్పు చెప్పానని రాసి, సంతకం పెట్టి, అసెంబ్లీలో పిల్లల ముందు చదవమన్నాడు. వచ్చే నెల పంతొమ్మిది, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మార్కుల రిజిస్టర్లు ఆఫీసుకి ఇచ్చేయాలి. అప్పటిలోగా చెయ్యకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదన్నాడు.

చెల్లి

*

గేట్ల షెడ్డు,
ఆగస్టు 31

చెల్లెమ్మా,

నన్ను నేరస్తుణ్ని చేసి రాశావు. నేనేం తప్పు చేశాను? నీ ఉత్తరంలో అబద్ధముందా? లేదు. నిజాన్ని మైకులో చెబితే తప్పా?

ప్రసంగీకుడి పని నీకు తెలియదు. మాకు చేతికందిందల్లా దృష్టాంతమే. మీ వదిన పాలు మాడ్చిన సంగతి చెప్పాను, సహనం గురించి. మా పెద్దవాడు పరీక్ష తప్పిన సంగతి చెప్పాను, గర్వం గురించి. నాన్న ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకుని భయపడిన సంగతి కూడా చెప్పాను, మరణం గురించి. ఆ రోజు ఎంతమంది ఏడ్చారో! ఎవరూ వచ్చి "ఇది ఎందుకు చెప్పావు" అని అడగలేదు. నువ్వొక్కదానివే అడుగుతున్నావు.

ఆ ముక్కు మనిషి సంగతి నేను చూసుకుంటాను. వస్తాను. ఆ గోడ ముందే నిలబడి, గ్రంథం తెరిచి, అందరి ముందూ అడుగుతాను: చిన్నపిల్ల జవాబుకి భయపడే నువ్వు ఏ ప్రపంచాన్ని జయించావయ్యా అని! కావాలంటే మైకు కూడా తెస్తాను. పిరికితనం మన ఇంటా వంటా లేదు.

నేను నీకు క్షమాపణ చెప్పాలా? ఎందుకో చెప్పు. చెబితే ఆలోచిస్తాను.

అన్నయ్య

*

ఇల్లు,
సెప్టెంబర్ 8

అన్నయ్యా,

రాకు. మైకు అస్సలు తేకు.

ఎందుకో చెప్పమన్నావు. అలెగ్జాండర్‌కి ఒక స్నేహితుడుండేవాడు. యుద్ధంలో రాజు మీద కత్తి ఎత్తినవాడి చెయ్యి నరికి ప్రాణం కాపాడినవాడు. ఒకరోజు విందులో అందరూ రాజుని పొగుడుతుంటే ఆ స్నేహితుడు ఎదురు మాటన్నాడు. అలెగ్జాండర్ పక్కవాడి ఈటె లాక్కుని పొడిచేశాడు. తరవాత మూడు రోజులు ముద్ద ముట్టకుండా ఏడ్చాడట. ఏడ్చాడు కాబట్టి ఆయన హృదయం వెన్న అని మా గైడ్‌లో ఉంది. చచ్చినవాడి హృదయం సంగతి లేదు.

నువ్వూ, మా యజమానీ అలెగ్జాండర్ గురించి కొట్టుకుంటారు గానీ, మీ ఇద్దరికీ అతనితో పనేం లేదు. ఆయనకి తన ముక్కు పెట్టుకోవడానికి ఒక మొహం కావాలి. నీకు కొమ్ము తగిలించడానికి ఒక తల కావాలి. మధ్యలో ఒక పిల్ల "ఎవరివాడు?" అని నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నిజంగా అడిగింది ఆ పిల్లొక్కతే.

నిన్న వాళ్ళమ్మ వచ్చింది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పని బట్టల్లోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "మా పిల్ల ఇంట్లో ఏమీ అడగడం లేదు టీచర్. అన్నం ఎందుకు మెత్తగా ఉందని కూడా అడగలేదు. మీ ఉద్యోగం దానివల్లే పోతోందని ఎవరో చెప్పారంట. ఇంకెప్పుడూ అడగనని నా మీద ఒట్టేసింది," అంది. టీ ఇస్తానన్నాను. వద్దంది.

రిజిస్టరు స్టాఫ్ రూమ్‌లో నా బీరువాలోనే ఉంది. అందరి మార్కులూ ఎక్కించాను. ఆ ఒక్క గడి ఖాళీ. పోట్లాడే ఓపిక నాకిక లేదు. ఈ ఊళ్ళో నన్ను తీసుకునే స్కూలు ఇంకోటి లేదు. పంతొమ్మిదిన శుక్రవారం సున్నా వేసి సంతకం పెట్టేస్తాను. దీని మీద నాకు ప్రసంగం రాయకు.

చెల్లి

*

గేట్ల షెడ్డు,
సెప్టెంబర్ 18, గురువారం సాయంత్రం
(గ్రిల్స్ వ్యాన్ డ్రైవర్ చేతికిచ్చి పంపుతున్నాను. తెల్లారగానే బయల్దేరి పదకొండింటికల్లా స్కూల్లో నీ చేతిలో పెడతానని మాటిచ్చాడు.)

చెల్లెమ్మా,

తప్పు నాది. ముందు అది రాసేశాను. రాయకపోతే మళ్ళీ చుట్టూ తిరుగుతాను.

నీ ఉత్తరం మీ వదినకి చూపించాను. చదివి, మడిచి, నా చేతికిచ్చింది. "ఇరవై రెండేళ్ళుగా మీతో ఏది చెప్పినా భయమేనండీ. మనసులో మాట చెబితే అది ఆదివారం మాటైపోతుంది," అంది. నాకు కోపమొచ్చింది. నాకు వచ్చేది అదేగా! గ్రంథం తీసి, ఆమె మాటకి జవాబు వెతకబోయాను. అలవాటు కొద్దీ ఎనిమిదో అధ్యాయమే తెరుచుకుంది.

అలెగ్జాండర్ పేరు కోసం వెతికాను. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి. లేదు చెల్లెమ్మా. రాజ్యం పేరుంది. ఆ మనిషి పేరు ఎక్కడా లేదు. పేరున్నది పక్కన మార్జిన్‌లో, ఎర్ర సిరాతో, నా చేతిరాతలో. ఎన్నేళ్ళ క్రితం రాసుకున్నానో! ఇన్నేళ్ళూ నా చేతిరాతనే దేవుడి మాటని మైకులో అరిచాను. నేను నమ్మింది తప్పని కాదు. ఇప్పటికీ ఆ మేకపోతు అతనే అంటాను. కానీ అన్నది నేను. నేనని చెప్పాలి కదా? చెప్పకుండా నా మాటకి దేవుడి ముద్ర వేసుకున్నాను. ఈజిప్టులో అతను చేసిందీ అంతే కదా.

మొన్న ఆదివారం మైకు ముందు నిలబడ్డాను. ప్రసంగం లేదన్నాను. "మా చెల్లెలు నాకొక్కడికే రాసిన ఉత్తరం ఆమెని అడక్కుండా మీకు చదివాను. మీరు నవ్వారు, నవ్వించింది నేను. రికార్డ్ చేసుకున్నవాళ్ళు అది తీసెయ్యండి. ఇప్పుడు చెబుతున్నది పంచండి" అని అన్నాను. "అదేంటయ్యా, వాక్యం లేదా ఈ రోజు?" అని వెనక నుంచి ఒక పెద్దాయన కసురుకున్నాడు. లేదన్నాను. పద్నాలుగు మంది లేచి వెళ్ళిపోయారు. నాన్న సంగతి చెప్పినందుకు కూడా క్షమించమని అడుగుదామనుకున్నాను. అడక్కుండానే మైకు కట్టేశాను.

దీంతోపాటు మీ యజమానికి ఒక కాగితం పెట్టాను. అతికించలేదు, చదువుకో. ఆ ఉత్తరం నీ సొంతమనీ, బయటపెట్టింది నేననీ, కోపముంటే నా మీద చూపించమనీ రాసి సంతకం పెట్టాను. తిట్టు లేదు, వాక్యం లేదు. మీ వదిన రెండుసార్లు చదివి సరేనంది. ఇవ్వాలా, చించెయ్యాలా అన్నది నీ ఇష్టం. నేను రావడం లేదు. గేటు దగ్గర కూడా నిలబడను.

ప్రసంగం రాయొద్దన్నావు. ఇది ప్రసంగం కాదు, బతిమాలుకోవడం. నీ ఉద్యోగం నిలబడుతుందని నేను చెప్పను. నా ప్రవచనాల సంగతి చూశావుగా. పోవచ్చు. పోతే మా ఇంట్లో ముందు గది ఖాళీగానే ఉంది, ట్యూషన్‌కి సందులో పిల్లలు బోలెడుమంది ఉన్నారు, మీ వదిన అప్పుడే బల్ల తుడిచింది. అది తరవాత సంగతి. అసలు సంగతి ఆ పిల్ల. పెద్దవాళ్ళం ముగ్గురం, నేనూ, ఆ యజమానీ, ఇప్పుడు నువ్వూ, కలిసి ఒక పిల్ల నోరు నొక్కేస్తున్నాం. నేను నా వంతు నొక్కేశాను, వెనక్కి తీసుకోలేను. ఆయన తన వంతు నొక్కాడు. మిగిలింది నీ వంతు. అది ఇంకా పడలేదు. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఆ పిల్ల రాసింది తప్పైతే సున్నా వెయ్యి, నేను కాదనను. తప్పా? పుస్తకాలు తిరగేసినదానివి నువ్వు. చెప్పు, ఒక్క ముక్క తప్పుందా?

లేనప్పుడు, పదకొండు నుంచి నాలుగు దాకా ఐదు గంటల టైముంది. ఆయన పిలిచేదాకా కూర్చోకు. మధ్యాహ్నం బెల్లు దాకా కూడా ఆగకు. ఆగితే మళ్ళీ ఓపిక లేదంటావు. ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టు. బీరువా తెరువు. రిజిస్టరు తియ్యి. ఆ పిల్ల పేరుకెదురుగా పది వేసి, పక్కన నీ సంతకం పెట్టు. పెట్టాక నేరుగా ఎనిమిదో తరగతికి వెళ్ళి, క్లాసు నడుస్తున్నా సరే, అందరి ముందూ ఆ పిల్లనే పిలిచి, ఇంకేమైనా అడగాలా అని అడుగు. వెళ్ళమ్మా. ఈ రోజే. ఇప్పుడే.

అన్నయ్య